ఆ టికెట్ మార్చుకో, గుంటా

గోపాల్‌పూర్

చిరంజీవి దేవికి తాత ఆశీర్వదించి రాయునది.

నువ్వు అండమాన్ వెళ్ళి స్కూబా, అదే వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ కిందికి దిగడం, నేర్చుకుంటావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "నీ మాటైతే వింటుంది నాన్నా, వద్దను" అంది. సరేనని ఫోన్ పెట్టేశాను. ఒక్కడివీ నవ్వుకుంటున్నావేంటని మీ అమ్మమ్మ అడిగింది. నవ్వు రాదా మరి? మా తాత ఈ ఒడ్డు నుంచే మసూలా పడవలో రంగూన్ ఓడలకి సరుకు చేరవేశాడు. మా నాన్న తెప్ప మీద బతికాడు. నేను నీళ్ళ కింద బతికాను. మన ఆడవాళ్ళు మాత్రం గంపలు పట్టుకుని ఒడ్డున ఎదురుచూడటమే. ఇప్పుడు నువ్వు దిగుతానంటుంటే వద్దనడానికి నోరు రాలేదు. ఈ మాట మీ అమ్మకి చెప్పకు.

చెవి నొప్పి పుట్టకముందే ముక్కు మూసుకుని మెల్లగా ఊదు. జలుబు చేస్తే ఆ రోజు దిగకు. నీతో దిగే జోడీని వదలకు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఇవన్నీ నేర్పేవాళ్ళే చెప్తారు.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీ అమ్మ పంపిన టికెట్ల ఫోటో చూశాను. ఆదివారం పొద్దున ఆఖరి డైవ్, మధ్యాహ్నం రెండింటికి విమానం! ఎవరే నీకీ తెలివి నేర్పింది? ఒక్క రోజు సెలవు మిగుల్చుకోవాలనా?

తాతా, ఎడమ కాలు ఎందుకు ఈడుస్తావని చిన్నప్పుడు అడిగితే సొరచేప కరిచిందన్నాను. అబద్ధం. 1979లో ఒక కాంట్రాక్టరు కింద, రేవు బయట తెగిపడిన లంగరు గొలుసు వెతికే పనికి వెళ్ళాను. లోతు పదిహేను బారలు, మీ లెక్కలో 27 మీటర్లు. పడవ మీద కంప్రెసర్, నా నోట్లో ట్యూబు. పొద్దుట్నుంచి నాలుగుసార్లు దిగాను. ఎంతసేపు కింద ఉన్నానో రాసినవాడు లేడు. నాలుగోసారి గొలుసు చేతికి తగిలింది. ఆ కబురు నేనే ముందు చెప్పాలని, తాడు పట్టుకుని ఒక్క ఊపున పైకొచ్చేశాను. అందరూ ఈలలేశారు. టీ ఇచ్చారు. గ్లాసు సగం కాకముందే మోచేతిలో మేకు దిగ్గొడుతున్నట్టు నొప్పి. గొలుసు లాగినందుకేలే అనుకుని కర్పూరం కలిపిన నూనె రాయించుకున్నాను. పొద్దుగూకేసరికి నడుము కింద ఒళ్ళు నాది కాదు. ఒంటేలు కూడా బిగిసిపోయింది. ఇలాంటివాళ్ళని లోపల పెట్టి గాలి ఒత్తిడి పెంచి, మెల్లగా తగ్గించే ప్రెషర్ చాంబర్ ఉన్న చోటికి చేర్చేసరికి రెండో రోజు. అప్పటికి మీ అమ్మ ఇంకా కడుపులోనే ఉంది.

నా మంచం పక్కన కూర్చున్నది నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన ఒక మాస్టారు. ఓదార్చలేదు, తిట్టాడు. "గోలీసోడా గోలీ గబుక్కున నొక్కితే ఏమవుతుందిరా? నీ నెత్తురు అలాగే పొంగింది" అన్నాడు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. తొందరపడి పైకొస్తే అదే బుడగలు కడుతుంది. పాల్ బేర్ అనే ఫ్రెంచాయన 1878లోనే ఈ సంగతి రాసిపెట్టాడట. తర్వాత ఇంగ్లండులో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల్ని చాంబర్‌లో పెట్టి చూశాడు. మేక ముందుకాలు ఎత్తి పట్టుకుని నిలబడిందంటే దానికి ఈ జబ్బు పట్టినట్టే. వాటిని చూసి చూసి, ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో 1908లో పట్టికలు అచ్చువేయించాడు. "నువ్వు పుట్టకముందే మేకలు నీ కోసం కుంటాయిరా, నువ్వు మళ్ళీ కుంటడం ఎందుకు?" అన్నాడు మాస్టారు. నలభై ఏళ్ళు దాటింది, ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది.

పైకి రావడం నిమిషానికి 9 మీటర్లు మించనివ్వకు. ఎవరైనా పాతవాళ్ళు 18 అంటే వినకు. ఆ 18 ఎలా వచ్చిందనుకున్నావు? 1950ల చివర్లో అమెరికా నేవీలో ఈతగాళ్ళు నిమిషానికి 100 అడుగులు కావాలన్నారు, తలకి రాగి టోపీ బిగించుకునే డైవర్లు 25 చాలన్నారు. చివరికి 60 అడుగుల దగ్గర, అంటే 18 మీటర్ల దగ్గర తెగింది. మన ఒడ్డున చేపల పాట తెగినట్టే! ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇక విమానం. లోపల గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత తగ్గొచ్చు. అంటే నువ్వు పడవెక్కినా పైకి రావడం ఇంకా అయిపోలేదు, విమానంలో కూర్చుని ఇంకా పైకి పోతున్నావు. వరసగా డైవులు చేశాక కనీసం 18 గంటలు ఆగమంటారు. నేనైతే ఒక రోజంతా అంటాను. టికెట్ మార్చడానికి ఎంతైనా నేను ఇస్తాను, మీ అమ్మనడక్కు.

తిట్టానని కోపం తెచ్చుకోకు. నువ్వు నోట్లో పెట్టుకునే, సిలిండరు గాలిని ఊపిరికి సరిపడా అందించే ఆ రెగ్యులేటర్ ఉంది చూడు, అదంటే నాకు భలే ఇష్టం. యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు లేక కార్లు గ్యాసు మీద నడిపేవారు. వాటికి వాల్వు తయారుచేస్తున్న గాన్యాన్ అనే ఇంజనీరు దగ్గరికి నేవీ ఆఫీసరు కూస్టో వెళ్ళి, ఇది మనిషికి పనికొస్తుందా అని అడిగాడు. 1943 జనవరిలో మార్న్ నదిలో దిగి చూస్తే, నిలువుగా ఉన్నప్పుడు గాలి వృథాగా పోయింది, తలకిందులైతే సరిగ్గా అందలేదు. గాలి వచ్చేదీ పోయేదీ ఒకే మట్టానికి తెచ్చేసరికి కుదిరింది. ఆ ఏడాది జూన్‌లో కూస్టో సముద్రంలో దిగి పిల్లిమొగ్గలేశాడట. మన వంటింటి గ్యాస్ రెగ్యులేటర్‌కి అది చుట్టమే అంటే మీ అమ్మమ్మ నమ్మదు.

నేను ఇరవై ఏళ్ళు దిగినా ఒక్క చేపని సరిగ్గా చూడలేదు. రేవు నీళ్ళన్నీ బురద, అంతా చేత్తో తడుముకునే పని. అక్కడ చేయి చాపితే వేళ్ళు కనిపిస్తాయట. నిజమేనా, చూసి చెప్పు. ఫోన్లో కాదు, ఇంటికొచ్చి.

మీ తాత