గొట్టానికి గుడ్డ కట్టాను, బాత్‌రూమ్ మునిగింది

వాషింగ్ మెషిన్ నీళ్లు బయటికి పోయే గొట్టానికి గుడ్డ కడితే పాలియెస్టర్ బట్టల నూగు, అంటే సన్నటి ప్లాస్టిక్ పోగులు, సముద్రంలో కలవకుండా ఆగుతుందా అని అడిగారు. నేను కట్టి చూశాను. కొంత ఆగుతుంది. దాని వెనకే కొత్త తలనొప్పులూ వస్తాయి.

మాది చెన్నై తిరువాన్మియూరులో అద్దె ఇల్లు. పాత పంచె ముక్కను రెండు మడతలు పెట్టి గొట్టం చివర బిగించాను. మూడు ఉతుకులు బాగానే గడిచాయి. నాలుగోసారి గుడ్డ పూడుకుపోయి, నీళ్లు ఎదురుతన్ని బాత్‌రూమ్ నిండా పారాయి. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. విప్పి చూస్తే తడిసిన దూదిలాంటి ముద్ద, అందులో సగం నీలం. ఊటీ ప్రయాణానికి కొన్న ఫ్లీస్ (నూగు నూగుగా ఉండే పాలియెస్టర్ బట్ట) కోటుది ఆ రంగు! కంటికి కనబడేదే ఇంత. సన్న పోగులు పంచె నేతలోంచి జారిపోయే ఉంటాయి.

6 కిలోల ఆక్రిలిక్ (ఉన్నిలా ఉండే ప్లాస్టిక్ దారం) బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు రాలవచ్చని 2016లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు లెక్కగట్టారు. మురుగు శుద్ధి కేంద్రాలు చాలావరకు పట్టుకుంటాయి గానీ, ఆ పోగులు అక్కడి బురదలో చేరతాయి. శుద్ధి కాని మురుగు అడయారు, కూవం నదులు, బకింగ్‌హామ్ కాలువ గుండా బంగాళాఖాతానికి పోతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు మరొకటి ఉంది. సున్నితమైన బట్టల మీట నొక్కితే నూగు తక్కువ రాలుతుందనుకున్నాను. ఆ పద్ధతిలో నీళ్లు ఎక్కువ వాడటం వల్ల పోగులు ఇంకా ఎక్కువగా ఊడుతాయని 2019లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది. ఇప్పుడు మెషిన్ నిండేదాకా ఆగి, తక్కువ సమయంలో, చన్నీళ్లతో ఉతుకుతున్నాం. మే నెలలో చెన్నై కుళాయిలో చన్నీళ్లెక్కడివి అంటారా, కనీసం హీటరు వేయడం లేదు. ఫ్లీస్ కోటును మాత్రం దులిపి ఎండలో వేయడమే, ఏడాదికి ఒక్కసారి ఉతుకు.

నూలు బట్టలు కట్టుకుంటే బెడద తీరిపోతుందనీ అనుకోకండి. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, సముద్రపు నీటి నమూనాల్లో దొరికిన పోగుల్లో సింథటిక్‌వి (ప్లాస్టిక్‌వి) పదో వంతు కూడా లేవు. మిగతావి ఎక్కువగా నూలు వంటివే.

గుడ్డ ఇంకా కడుతున్నాను, ఈసారి వదులుగా, బకెట్‌లోకి. మొదట్లో మా అత్తగారు దాన్ని కుళాయి కింద శుభ్రంగా జాడించి ఆరేసేవారు, పట్టుకున్న నూగంతా మళ్లీ అదే కాలువలోకి! ఇప్పుడు మేడ మీద ఎండబెట్టి, పొడి నూగును గీకి చెత్తబుట్టలో వేస్తున్నాం.