పాత కంప్యూటర్‌కు నెట్ వైరు పీకేయండి

కర్నూలు పాతబస్తీలో పాతికేళ్లకు పైగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లిపత్రికలు టైపు చేయడం నా పని. చుట్టుపక్కల వాళ్ల కంప్యూటర్లు బాగుచేయడం నాకు అంటగట్టిన పని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం 'అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి...' అనే మొదలయ్యాయి.

* * *

అక్కా, మాది ఎమ్మిగనూరులో చిన్న డీటీపీ షాపు. పాత కంప్యూటర్‌లో పేజీలు తీర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు వాడుతున్నాం. మా తమ్ముడు విండోస్ 11 ల్యాప్‌టాప్ కొని ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించాడు. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ ఏవో గుర్తులూ కనిపిస్తున్నాయి. పాతది అమ్మేద్దామని తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

అమ్మొద్దు తమ్ముడూ. ముందు ఆ మాట వాడి చెవిన వేసి, తర్వాత మిగతాది చదువు.

మీ ఫైళ్లు చెడిపోలేదు. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ అవి తెలుగు వేషంలో ఉంటాయి. అది లేని మెషీన్‌లో వేషం ఊడి అసలు రూపం బయటపడుతుంది. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షరాల పద్ధతి యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు సొంత గళ్లున్నాయి, 'క'కు 0సి15. 'క్క' రాయాలంటే క, పొల్లు, మళ్లీ క, మొత్తం మూడు. ఒత్తు బొమ్మ గీసే పని ఫాంట్ చూసుకుంటుంది. పాత ఫాంట్లలో ఒత్తులు విడి ముక్కలు. అందుకే అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు సాదా మాటల్లో బాగానే ఉండి, ఒత్తుల దగ్గర తడబడతాయి.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక పెళ్లిపత్రికను అలాగే మార్చి, పైపైన చూసి ప్రింటుకు ఇచ్చేశాను. పెళ్లికూతురి పేరులో 'లక్ష్మి'కి మ ఒత్తు ఎగిరిపోయి 'లక్షి' అయింది. 400 కార్డులు. కనిపెట్టింది కళ్లద్దాలు లేకుండా చదవలేని పెళ్లికొడుకు తాత! తప్పు నాదే కాబట్టి రెండోసారి కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి మార్చిన ప్రతి పేరునూ వేలు పెట్టి పైకి చదువుతాను.

ఇక మీరు చేయాల్సింది. పాత మెషీన్‌లోనే ఒక్కో ముఖ్యమైన ఫైలునూ పీడీఎఫ్‌గా తీసిపెట్టుకోండి. ఫాంట్ దానిలోపలే ఉండేలా తీస్తే ఎక్కడైనా తెలుగులోనే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పీ వచ్చిన ఏడాదే. దాన్ని కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని నడిపేవాళ్లూ ఉన్నారు కానీ, దాన్ని నమ్ముకుని పెళ్లిళ్ల సీజన్‌లోకి దిగొద్దు. పాతది పాత పనికే ఉంచి, నెట్ వైరు పీకేయండి. నెట్ లేని కంప్యూటర్‌కు అప్‌డేట్ రాకపోయినా నష్టం తక్కువ. పెన్‌డ్రైవ్ మాత్రం కొత్తదాంట్లో వైరస్ స్కాన్ చేశాకే దానికి పెట్టండి. కొత్తగా వచ్చే పని ల్యాప్‌టాప్‌లో యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మా షాపూ మునిగింది. నీళ్లు తీశాక సీపీయూ మూత విప్పితే లోపలంతా ఒండ్రు, ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉంది. హార్డ్ డిస్క్ తిరగలేదు. అటక మీద రేకు డబ్బాలో సీడీలున్నాయి కాబట్టి ఇంకా ఈ వృత్తిలో ఉన్నాను. మీ ఫైళ్లు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి కదా, మూడో చోటు కూడా చూసుకోండి.

* * *

అమ్మా, నేను రిటైర్డ్ లెక్కల మాస్టరును, ఆదోని. 2016లో కొన్న కంప్యూటర్. విండోస్ 10కు గడువు అయిపోయిందంటుంది, 11 ఎక్కదంటుంది. పింఛను, బ్యాంకు అందులోనే చూసుకుంటాను. ఇక్కడ ఒకబ్బాయి రూ.1,500 ఇస్తే 'ఎలాగోలా' 11 ఎక్కిస్తానంటున్నాడు. ఇవ్వమంటావా?

మాస్టారూ, నమస్కారం. ఇవ్వొద్దు. ఆ 'ఎలాగోలా'కు మైక్రోసాఫ్ట్ పూచీ లేదు. ఇవాళ నడుస్తుంది, రేపు అప్‌డేట్లు అందుతాయో లేదో ఆ అబ్బాయికీ తెలియదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి అంకెల్లోనే చెబుతాను. సీపీయూ పెట్టె మీద స్టిక్కరుగానీ, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద 'అబౌట్' పేజీగానీ చూడండి. ఇంటెల్ ఐ5-6400 లాంటి నంబరుంటే గీత తర్వాతి 6 అంటే ఆరో తరం. ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి, 10400 అంటే పదో తరం. విండోస్ 11కు మామూలుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా అడుగుతుంది. మీది 2016 సరుకు కాబట్టి ఆ పరీక్ష పాస్ కాదు.

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. ఇంటి కంప్యూటర్లకు మాత్రం సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించుకునే వీలుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్' అని ఉంటుంది.

ఆ తర్వాత? విండోస్ 7 కథ చూడండి. దానికి సపోర్టు 2020 జనవరి 14న ఆగింది, కానీ క్రోమ్ 2023 దాకా లాగించి, 109వ వెర్షన్ దగ్గర చేతులెత్తేసింది. కాబట్టి గడువు తేదీ దాటిన మర్నాడే ఏదీ ఆగిపోదు, అదే మోసం. బాగానే నడుస్తోంది కదా అని బ్యాంకు పని చేస్తూనే ఉంటాం. మీరు బ్యాంకును ఫోన్‌లోకి మార్చుకోండి. ఉత్తరాలకు, ఫోటోలకు ఆ కంప్యూటర్ ఇంకా బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఓపికుంటే విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూడండి. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే నచ్చిందో లేదో తేలిపోతుంది.

* * *

అక్కా, రోజూ పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటుంది. కాసేపటికి ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది. బ్రౌజర్ తీసి మళ్లీ వేశాను. రూ.600 పెట్టి ఫార్మాట్ కొట్టించాం. మళ్లీ అదే. – డిగ్రీ విద్యార్థిని, కోడుమూరు

కింద మూలన తేదీ చూశావా అమ్మాయీ? నా అనుమానం, పొద్దున పూట అది ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటుంది. మీ నాన్నగారు రాత్రి మెయిన్ స్విచ్ ఆపి పడుకుంటారు కదూ?

ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని అందులో రాసి ఉంటుంది. నీ కంప్యూటర్ తాను 2015లో ఉన్నాననుకుంటే, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మనంటుంది. కాసేపటికి నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకుంటే దారిలోకి వస్తుంది.

కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, పేరులోనే కొలతలున్నాయి. ప్లగ్ పీకి, పక్కనున్న క్లిప్పును గోటితో నెడితే పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచెయ్యి. వాచీలు బాగుచేసే కొట్లో దొరుకుతుంది, ఒక పూట ఉగ్గాని బజ్జీ ఖర్చు. ఆ 600 గురించి మాత్రం నేనేమీ చేయలేను.

* * *

ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టే చివరి రోజు రాత్రి 'అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు' అని వచ్చి ల్యాప్‌టాప్ గంటసేపు 27 శాతం దగ్గరే కూర్చుంది. టెన్షన్‌తో చచ్చాను. ఇలా రాకుండా ఏం చేయాలి? – పత్తికొండ

చివరి రోజు రాత్రి అన్నావు చూడు, దానికి నా దగ్గర మందు లేదు. మిగతాదానికి ఉంది. విండోస్ అప్‌డేట్‌లో 'పాజ్' నొక్కి ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. 'యాక్టివ్ అవర్స్' అని పెట్టుకుంటే ఆ వేళల్లో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు, రోజులో 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఒకసారి మొదలైతే మాత్రం పవర్ బటన్ జోలికి వెళ్లొద్దు. చార్జర్ పెట్టి వదిలేసి, పక్కింటివాళ్ల ఫోన్ అడుగు.

* * *

మొన్న క్రోమ్ అప్‌డేట్ అయిందేమో, సైట్లలో అక్షరాలన్నీ గుమ్మడికాయలంత అయ్యాయి. పాత వెర్షన్ ఎలా తెచ్చుకోవాలి? – ఒక తాత, సి.క్యాంప్, కర్నూలు

కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కండి, జూమ్ మామూలుకొస్తుంది. మీ మనవడు సెలవులకు వచ్చి వెళ్లాడా?