మైల్డ్ సిగార్‌లో తీపి నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది? మార్కులెలా వేయాలి?

వెలిగించే ముందు నోట్లో పెట్టుకునే కొనను నాలుకతో తాకి చూడండి. చక్కెర తగిలితే అది పైన పూసిన తీపి. నేనైతే దానికి మార్కులివ్వను. అసలు తీపి పొగలోనే ఉంటుంది. మైల్డ్ సిగార్లకు పైన చుట్టే కనెక్టికట్ షేడ్ అనే పొగాకును గుడ్డ పందిళ్ల నీడన పెంచుతారు కాబట్టి పల్చగా, ఘాటు తక్కువగా ఉంటుంది. మీగడ, జీడిపప్పు, దేవదారు చెక్క గుర్తొచ్చే రుచులు దీనివి. మన చుట్టలా గుప్పుగుప్పున లాగకండి, వేడెక్కితే చేదెక్కుతుంది. నిమిషానికో దమ్ము చాలు. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చకూడదు (పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు). ‘సిగార్ అఫిషియనాడో’ పత్రిక 100కి వేసే మార్కుల్లో రుచితో పాటు చుట్టిన తీరు, కాలే తీరు కూడా చూస్తారు. నేను మాత్రం సిగార్ చివరి మూడో వంతుకే ఎక్కువ విలువిస్తాను. మొదట్లో తియ్యగా ఉన్నవి చాలా వరకు అక్కడే చప్పబడతాయి.