క్యాంపస్‌లో ఆడపిల్లల పత్రిక పెడుతున్న మీకు

అమ్మలూ,

మొదటి సంచికకి మీరు రాసుకున్నవన్నీ చదివాను. హాస్టల్ గేటు టైము గురించి రాసింది బాగుంది. మెస్‌లో పనిచేసే అక్కలతో మాట్లాడి రాసింది ఇంకా బాగుంది, దాన్ని లోపలి పేజీలో దాచకండి, ముందు పేజీకి తెండి. మీ గదులు ఊడ్చే మనుషుల జీతం గురించి పట్టించుకోకపోతే అది ఆడవాళ్ళ పత్రిక ఎలా అవుతుంది?

ఒక్క వ్యాసం దగ్గర మాత్రం నాకు భయం వేసింది, సార్ మీద ఫిర్యాదు పెట్టిన అమ్మాయి గురించి రాసింది. పేరు రాయలేదు, నిజమే, కానీ డిపార్ట్‌మెంటు రాశారు, ఏ ఇయరో రాశారు, ఏ జిల్లా పిల్లో కూడా రాశారు, ఆ మూడూ చాలు, సాయంత్రానికల్లా క్యాంపస్ అంతా ఆమె ఎవరో చెప్పేస్తుంది, ఆ రాత్రే ఊళ్ళో అమ్మానాన్నలకి ఫోన్ వెళ్తుంది, చదువు మాన్పించి తీసుకుపోతారు. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కూడా 16వ సెక్షన్‌లో ఇదే చెప్తోంది. ఫిర్యాదులో ఏముందో, విచారణలో ఏం జరిగిందో, ఫిర్యాదు చేసినామె ఎవరో, ఎవరి మీద చేసిందో, సాక్షులెవరో ప్రచురించకూడదు. న్యాయం జరిగితే ఆ సంగతి రాయొచ్చు, ఆమెను, సాక్షులను గుర్తుపట్టే వివరం ఒక్కటీ లేకుండా. ఆ అమ్మాయి ఇవాళ కోపంలో రాయమన్నా సరే, ఆ వ్యాసం ఆపండి.

మరి నోరు మూసుకోవాలా అంటారేమో, అస్సలు వద్దు. ఐసీసీ మీద రాయండి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే మీ యూనివర్సిటీ అంతర్గత కమిటీ. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలే అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళుండాలి, విద్యార్థుల విషయమైతే ముగ్గురు విద్యార్థులు ఎన్నికై రావాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ దగ్గర ఆ ఎన్నిక జరిగిందా? ఎవరైనా చూశారా? భద్రత పేరు చెప్పి అబ్బాయిలకి లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టల్‌కి పెట్టకూడదని కూడా అందులోనే ఉంది, మీ గేటు వ్యాసంలో ఆ మాట చేర్చండి, బలం పెరుగుతుంది.

ఇంకోటి. పత్రిక బయటికొచ్చాక మీ గది తలుపు తట్టి కష్టం చెప్పుకునే పిల్లలు వస్తారు, టెన్షన్ పడకండి, కానీ ముందే సిద్ధంగా ఉండండి. 1993లో హైదరాబాద్‌లో మొదలైన భూమిక అనే స్త్రీవాద పత్రిక వాళ్ళు తర్వాత హెల్ప్‌లైన్ కూడా నడిపారు, ఊరికే కాదు. మీరు కౌన్సెలర్లు కారు కాబట్టి మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, కష్టంలో ఉన్న ఆడవాళ్ళకి సాయం చేసే దగ్గర్లోని సఖి కేంద్రం, మీరు నమ్మే ఒక మేడమ్ పేరు దగ్గర పెట్టుకోండి. వచ్చిన అమ్మాయి చెప్పేది వినండి, ఫోన్‌లో రికార్డ్ చెయ్యొద్దు, వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టొద్దు.

తెలుగులోనూ వెయ్యండి, ఇంగ్లీషు ఒక్కటే అయితే పల్లెల నుంచి వచ్చిన పిల్లలు దూరంగానే ఉండిపోతారు. ఫస్టియర్ వాళ్ళని ఇప్పుడే పనిలోకి తీసుకోండి.

ఆ వ్యాసం ఆపితే ఖాళీ అయిన పేజీ సంగతంటారా, మీది ప్రభుత్వ యూనివర్సిటీయే కాబట్టి సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. నిరుడు ఐసీసీకి ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని గడువులోపు తేలాయి, లెక్కలు మాత్రమే అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, రెండో సంచికకి అందుతుంది. ఈ సంచికలో మీరడిగిన ప్రశ్నలే అచ్చెయ్యండి.

మీ పెద్దమ్మ