పాలసీ చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది ఖమ్మం. డిగ్రీ తర్వాత రెండేళ్లు హైదరాబాద్‌లో ఓ ప్రభుత్వ బడిలో ఫెలోగా పాఠాలు చెప్పాను. ఇప్పుడు రెండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. జీతం రూ.34 వేలు. ఎడ్యుకేషన్ పాలసీలోనే స్థిరపడాలని ఉంది. అమెరికాలో రెండేళ్ల ఎంపీపీకి సీటొచ్చింది. సగం ఫీజు తగ్గించినా ఇంకా 60 లక్షలు కావాలి. బ్యాంకు మా ఇల్లు తాకట్టు అడుగుతోంది. బెంగళూరులోనూ ఎంపీపీ సీటుంది, హాస్టల్‌తో కలిపి 10 లక్షలవుతుంది. నా దగ్గర 2 లక్షలున్నాయి. ఆర్టీసీలో రిటైరైన నాన్నకు వచ్చిన 20 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మన ఊళ్లలో ఎంపీపీ అంటే మండల పరిషత్ ప్రెసిడెంట్. మీరు చెప్పే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ మీ నాన్నగారికి ఎంతవరకు అర్థమైందో తెలియదు గానీ, ఆయన సంతకం పెట్టబోయే కాగితం నాకు బాగా తెలుసు. ముందు దాని సంగతి చూద్దాం.

ఏడాదికి 30 లక్షల చొప్పున రెండు విడతల్లో, 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదివే రెండేళ్లు, ఆపైన ఇంకో ఏడాది ఈఎంఐ ఉండదు. అదే మారటోరియం. ఆ మూడేళ్లూ వడ్డీ కూడా పడదని చాలామంది భ్రమ. పడుతుంది. బారువడ్డీ వేసినా మొదటి విడత మీద 9.9 లక్షలు, రెండో విడత మీద 6.6 లక్షలు. మొదటి ఈఎంఐ కట్టే నాటికి బాకీ 76.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు లక్షా 5 వేలు. పదిహేనేళ్లకు సాగదీసినా 87 వేలు.

లోను ఇప్పించేవాళ్లు విద్యారుణం వడ్డీపై పన్ను మినహాయింపు గురించి ఊరిస్తారు. కట్టిన వడ్డీ మొత్తానికీ ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు ఎలాగూ పన్ను కట్టక్కర్లేదు. మీరు కోరుకునే రంగంలో జీతం ఆ గీత దాటేసరికి చాలా ఏళ్లు పడుతుంది. లేని పన్నులో మినహాయింపుతో ఏం చేసుకుంటారు?

అక్కడే ఉద్యోగం చేసి తీరుస్తాననుకుంటున్నారేమో. అమెరికాలో బడి చదువు చాలావరకు రాష్ట్రాల, స్థానిక డిస్ట్రిక్టుల వ్యవహారం. ఆ ఆఫీసుల్లోనూ, చిన్న స్వచ్ఛంద సంస్థల్లోనూ విదేశీయులకు వీసా స్పాన్సర్ చేసేవి తక్కువ. చదువయ్యాక అక్కడ పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తే ఇంకో 24 నెలలు కలుస్తాయి. కొన్ని యూనివర్సిటీలు లెక్కలు ఎక్కువున్న ఎంపీపీలను స్టెమ్‌గా చూపిస్తాయి, అన్నీ కాదు. మీ కోర్సు ఏ వర్గం కిందికి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో అడిగి తెలుసుకోండి.

నా దగ్గరికి వచ్చే ఒకబ్బాయి ఇలాగే పెద్ద అప్పుతో విదేశంలో పాలసీ చదివొచ్చాడు. ఇప్పుడు ఓ కంపెనీలో క్రెడిట్ రిస్క్ రిపోర్టులు రాస్తున్నాడు. జీతం బాగుంది, ఈఎంఐ ఒక్క నెల తప్పలేదు. ‘సార్, బడి గడప తొక్కి నాలుగేళ్లయింది’ అన్నాడు మొన్న. ఈ రంగంలో అప్పుతో నా భయం అదే. ఇల్లు పోవడం తర్వాతి మాట, ముందు మీరు చేయాలనుకున్న పని పోతుంది.

బెంగళూరు సీటు తీసుకోండి. 8 లక్షల అప్పు, 9.5 శాతం వడ్డీ అనుకుంటే మారటోరియం వడ్డీ కలిపి 9.9 లక్షలు. పదేళ్లకు నెలకు 12,800 చిల్లర. స్వచ్ఛంద సంస్థ జీతంతో కట్టగలిగిన ఈఎంఐ ఇది. ఇంకో యాభై వేలు కూడబెట్టి అప్పును 7.5 లక్షలకు దించగలిగితే మామూలు విద్యారుణ పథకంలోనే తాకట్టు అవసరం లేదు. మీరు చేరే విద్యాసంస్థ కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉంటే తాకట్టూ హామీదారూ లేకుండానే ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే, వేరే స్కాలర్‌షిప్ అందుకోకపోతే, 10 లక్షల వరకు అప్పుపై మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీకీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పాలసీ చదవాలా, ఎడ్యుకేషన్ చదవాలా అన్న సందేహం కూడా మీకు ఉండే ఉంటుంది. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ మంచి కోర్సు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు మాఫీ కూడా చేస్తారు. బడి ముఖం చూడనివాళ్లకైతే అదే చెప్పేవాణ్ని. మీరు నాలుగేళ్లు ఆ పనిలోనే ఉన్నారు. మీకు కావాల్సింది అంకెలు. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్షలో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 శాతం. ఆ నిధులు ఎక్కడ ఆగితే మీ బడికి గ్రాంటు ఆలస్యమవుతుందో బడ్జెట్ పుస్తకం తెరిచి చూపించగలగాలి. దేశంలోని బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ లెక్కల్లో తప్పు పట్టగలగాలి. సిలబస్‌లో స్టాటిస్టిక్స్, పబ్లిక్ ఫైనాన్స్, పథకాల మూల్యాంకనం ఉన్నాయో లేదో చూడండి. అవి నామమాత్రంగా ఉంటే ఎంత పేరున్న కోర్సైనా మీకు దండగ. ఇక ఎంఈఓతో తెలుగులో మాట్లాడి, జీఓ చదివి అర్థం చేసుకోగల మనిషికి ఇక్కడ ఉన్న విలువ ఏ విదేశీ డిగ్రీతోనూ రాదు.

విదేశం మాటే వద్దనడం లేదు. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చీవెనింగ్‌కు దరఖాస్తు చేయొచ్చు. అక్కడ ఏడాది మాస్టర్స్ ఖర్చంతా వాళ్లదే, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. పరిశోధన వైపు మనసుంటే, అమెరికాలో మంచి పీహెచ్‌డీలకు ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ కూడా ఇస్తారు. అక్కడ మాస్టర్స్‌కే చాలావరకు చేతి డబ్బు పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబమై ఆదాయం పరిమితి లోపల ఉంటే తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కూడా ఉంది.

నాన్నగారి 20 లక్షలు ఏ కోర్సుకూ తీయకండి. 60 దాటి ఉంటే ఆ డబ్బును సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములోకి మార్చమనండి, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది.

అమెరికా సీటుకు డిపాజిట్ కట్టకపోతే ఆగండి. ఆ యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టి, ఫీజు పూర్తిగా మాఫీ అయితేనే రాగలనని చెప్పండి. అడిగితే పోయేదేం లేదు, ఒక్కోసారి పెంచుతారు కూడా. పెంచితే కొత్త అంకెలతో మళ్లీ రాయండి, లెక్క మళ్లీ వేద్దాం. అప్పటిదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.