మీ ప్రశ్న – పశువైద్యుడి జవాబు: కొండ నడక తర్వాత జాకీ అరుగెక్కడం లేదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది జమ్మలమడుగు. మా జాకీ నాలుగేళ్ల నాటు కుక్క. మొన్న ఆదివారం నేను, మా వారు దాన్ని వెంటబెట్టుకుని తెల్లవారుజామునే గండికోటకు నడిచి వెళ్లాం. కోటంతా తిరిగి, పెన్నా లోయ అంచున బండల మీద కాసేపు కూర్చుని, మళ్లీ నడిచే ఇల్లు చేరాం. రానూపోనూ 30 కిలోమీటర్లు. ఊరు దగ్గర పడేసరికి జాకీ కనిపించిన ప్రతి చెట్టు నీడలోనూ పడుకుంది. అయినా పిలిస్తే లేచి వచ్చింది. మర్నాడు అరుగు ఎక్కలేక మూలిగింది. సంగటి ముట్టలేదు. ముందు కాలు నాకుతూనే ఉంది. మేం వేసుకున్న నొప్పుల మాత్రలో సగం దానికీ ఇద్దామంటున్నారు మా వారు. ఇవ్వవచ్చా?

జవాబు: వద్దమ్మా. మీ ఈమెయిలు చూడగానే ఫోను చేసి ఈ మాటే ముందు చెప్పాను. మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాను. మనం మింగే ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. సగం బిళ్లే కదా అనుకోకండి. మన బరువెక్కడ, దాని బరువెక్కడ?

పిలిస్తే లేచి వచ్చిందని రాశారే, అది చదివి నా గుండె కలుక్కుమంది. మనిషి నడుస్తున్నంతసేపూ కుక్క తన అలసట దిగమింగుకుని వెంట నడుస్తుంది. దానికి మనలా ఒంటి నిండా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితేనే వేడి తగ్గాలి. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 105 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. దారిలో తూలితే వెంటనే నీడకు చేర్చి, పొట్ట, తొడల సందులు నీళ్లతో తడిపి విసరండి. తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జాకీ పాదం తిప్పి చూడమన్నాను. మెత్తల మీది నల్లటి పొర రూపాయి బిళ్లంత లేచి, లోపలి గులాబీ చర్మం కనిపిస్తోందన్నారు. వేళ్ల సందులో పల్లేరు ముల్లు విరిగి ఉంది. ముల్లు తీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి, తడి అద్ది, పాదం మానేదాకా ఇంటిపట్టునే ఉంచమన్నాను. మూత్రం టీ రంగులో వస్తే మాత్రం ఆ పూటే పశువుల ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు బాగా దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు.

మళ్లీ వెళ్లాలనుకుంటే వారం వారం దూరం కాస్త కాస్త పెంచి అలవాటు చేయండి. బండ మీద చేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీ చేయి ఓర్వలేని వేడిని జాకీ పాదమూ ఓర్వదు. దాని నీళ్లు, గిన్నె విడిగా పట్టుకెళ్లండి. తిరుగుదారికి ఆటో మాట్లాడుకోండి, మీ కాళ్ల దగ్గర పడుకుని వస్తుంది.