మార్చరాదా, మార్చలేరా?

సందేహం: మా కార్యాలయంలో అందరూ వాడుకునే దరఖాస్తు నమూనా ఒకటి ఉంది. అందులోని నిబంధనల భాగాన్ని ఎవరూ దిద్దకుండా కంప్యూటర్‌లో లాక్ చేసి, పైన ‘ఈ భాగం భద్రపరచబడినది, మార్చరాదు’ అని రాయించాను. ‘మార్చలేరు’ అనాలని మా సహోద్యోగి పట్టు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం

సమాధానం: మీ సహోద్యోగి మాటలో పస ఉందండీ. ‘మార్చవచ్చు’కు వ్యతిరేకం ‘మార్చరాదు’. మొదటిది అనుమతి, రెండోది నిషేధం. చేయడానికి వీలున్న పనినే కదా వద్దంటాం! మీ బీచ్‌లో ‘సముద్రంలోకి దిగరాదు’ అన్న బోర్డు పక్కనుంచే కుర్రవాళ్లు దిగుతుంటారు. అదే ఒడ్డున 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి టికెట్టు కొని వెళ్లవచ్చు, నడపలేరు. అక్కడ ‘నడపరాదు’ అని రాసి పెడితే నవ్వుతారు.

కాబట్టి ముందు మీ ఫైలు ఏ రకమో చూడండి. ఉత్త అక్షరాలే ఉండే టెక్స్ట్ ఫైలైతే, మొత్తం ఫైలును ‘చదవడానికి మాత్రమే’ అని కట్టడి చేయగలం గానీ, నడుమ రెండు పేరాలకు తాళం వేయడం ఆ ఫైలుకు తెలియదు. అందులో ‘మార్చరాదు’ అని బతిమాలుకోవలసిందే. వర్డ్‌లోనైతే భాగాలవారీగా ఆపవచ్చు. ఎక్సెల్ సంగతి వింత: గడులన్నీ మొదటినుంచీ లాక్ అయ్యే ఉంటాయి, కానీ షీటుకు రక్షణ పెట్టేదాకా ఆ లాక్ పనిచేయదు. అంతవరకు ‘మార్చలేరు’ అని రాస్తే అబద్ధమే.

మరో చిక్కు. ‘ఈ భాగం మారలేదు’ అని మాత్రం రాయకండి. ఇంతవరకు మారలేదనా, మారే వీలు లేదనా? రెండర్థాలూ వస్తాయి. ‘మార్చడం కుదరదు’ అంటే ఏ గొడవా లేదు.

నాకు అసలు అభ్యంతరం ‘భద్రపరచబడినది’ మీద. తెలుగు వాక్యంలో కృతకంగా వినిపించే ఆ ‘బడు’ను పక్కన పెట్టినా, కంప్యూటర్ తెలుగులో ‘భద్రపరచు’ అంటే సేవ్ చేయడమని స్థిరపడింది. మీ వాక్యం చదివినవారు ‘సరే, సేవ్ అయింది’ అనుకుని నిశ్చింతగా దిద్దడం మొదలుపెడతారు. మీరు ప్రశ్నలో సహజంగా రాసిన ‘లాక్ చేసి’ ఉందే, అదే చాలు: ‘ఇది లాక్ చేసిన భాగం. మార్పులు కావాలంటే అడగండి.’ ఎవరిని అడగాలో కూడా రాయండి. తాళంచెవి వారి దగ్గరే కదా.